మధ్యాహ్నం రెండర్ నెమ్మదిస్తోంది, ఖాళీగా ఉన్నప్పుడు ఫ్యాన్లు హోరెత్తుతున్నాయి: కేబినెట్ ఫ్యాన్ల అమరికపై సలహా కావాలి

భవానీపురం ఎడిటర్:

అందరికీ నమస్కారం. విజయవాడ భవానీపురంలో మేడ మీది గదిలో పెళ్లి వీడియోల ఎడిటింగు చేస్తుంటాను. ముహూర్తాల కాలంలో కంప్యూటరు పొద్దున మొదలుపెడితే రాత్రి దాకా నడుస్తూనే ఉండాలి. రైజెన్ 5 5600 ప్రాసెసరు, దాని పెట్టెలోనే వచ్చిన చిన్న కూలరు, బీ550 మదర్‌బోర్డు, ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డు ఉన్నాయి. కేబినెట్‌కు ముందు గాజు పలక, దాని వెనుక మూడు ఫ్యాన్లు, వెనుక గోడకు ఒకటి, పైకప్పుకు రెండు ఉన్నాయి. అన్నీ 120 మిల్లీమీటర్లవే.

రాత్రి గంటలో పూర్తయ్యే రెండర్ (ఎడిట్ చేసిన వీడియోను తుది ఫైలుగా తయారుచేసే పని) మధ్యాహ్నం చేస్తే ఐదారు నిమిషాలు ఎక్కువ తీసుకుంటోంది, ఆ సమయంలో ప్రాసెసర్ వేడి 90 డిగ్రీల దగ్గర కదలకుండా నిలబడుతోంది. ఏ పనీ లేకుండా బ్రౌజరు మాత్రమే తెరిచి ఉన్నప్పుడు కూడా కేబినెట్ ఫ్యాన్లు కొన్ని సెకన్లకొకసారి హోరున లేచి మళ్లీ తగ్గుతున్నాయి. ముందున్న మూడు ఫ్యాన్లలో ఒకదాని వేగమే బయోస్‌లో (మదర్‌బోర్డు సొంత అమరికల తెరలో) కనబడుతోంది. వీటన్నిటికీ తోడు, బయోస్‌లో ఫ్యాన్ల వేగాన్ని నేను సరిచేసి భద్రపరిచినా కొన్ని రోజులు తెల్లవారేసరికి పాత స్థితికే వచ్చేస్తోంది. ఏది ముందు చూడాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరని కోరుతున్నాను.

అరండల్‌పేట సర్వీస్:

ఎడిటర్ గారూ, గుంటూరులో ఇలాంటి కంప్యూటర్లు వేసవి మొదలయ్యే సరికి మా బల్ల మీదికి వరుసగా వస్తుంటాయి. మీరు చెప్పినవి నాలుగు వేర్వేరు కారణాలున్న నాలుగు సమస్యలని నాకు అనిపిస్తోంది, అందుచేత ఒకేసారి అన్నిటినీ కదిలించకండి. బయోస్‌లో వేగాల జోలికి వెళ్లేముందు గాలి ఏ దారిన వస్తోందో, ఏ దారిన పోతోందో తేల్చుకోవాలి. దారి మూసుకుపోయి ఉంటే వేగం పెంచడం వల్ల శబ్దం పెరుగుతుంది తప్ప చల్లదనం అంతగా పెరగదు.

పక్క తలుపు తీసి ఒక్కొక్క ఫ్యానును చూడండి. రెక్కలు తెరిచి కనబడే వైపు నుంచి గాలిని పీల్చుకుంటుంది. మోటారును పట్టి ఉంచే అడ్డపట్టీలు, స్టిక్కరు ఉన్న వైపు నుంచి వదులుతుంది. కొన్ని ఫ్యాన్ల చట్రం మీద బాణం గుర్తులు కూడా ఉంటాయి. సందేహం ఉంటే తలుపు మూసి, వెలిగించిన అగరుబత్తిని ఒక్కొక్క ఫ్యాను బయట పట్టుకుని పొగ లోపలికి పోతోందా, బయటికి తోస్తోందా చూడండి. నివురు లోపల పడకుండా కొంచెం ఎడంగా పట్టుకోవాలి.

తరువాత అసలు పరీక్ష. కేబినెట్ ముందు, అది గాలి పీల్చుకునే ఎత్తులోనే ఒక గది థర్మామీటరు పెట్టండి. రాత్రి పూట ఒకే వీడియోను ఒకసారి గాజు పలక ఉంచి, మరోసారి గాజు పలక తీసేసి పావుగంటకు పైగా రెండర్ చేయండి. రెండుసార్లూ గది వేడి, ప్రాసెసర్ వేడి, కార్డు వేడి రాసుకోండి. పలక తీసినప్పుడు ఐదారు డిగ్రీలకు మించి తగ్గిందంటే మీ ముందు ఫ్యాన్లు ఊపిరాడక తిరుగుతున్నట్టే.

బెంజిసర్కిల్ గేమర్:

నా కంప్యూటరుకు వేసవి రాగానే పక్క తలుపు తీసేసి ఎదురుగా టేబుల్ ఫ్యాను పెడతాను, కార్డు వేడి బాగానే తగ్గుతుంది. ఎడిటర్ గారు కొంచెం ఖర్చు పెట్టగలిగితే పెద్ద రేడియేటరు ఉన్న లిక్విడ్ కూలరు వేయించుకుంటే ఈ తలనొప్పులన్నీ పోతాయని నా అభిప్రాయం.

పటమట విశ్రాంత అధ్యాపకుడు:

పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ పాఠాలు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాడిని. గేమర్ గారు చెప్పిన టేబుల్ ఫ్యాను పద్ధతి అత్యవసరానికి పనికొస్తుంది. అయితే తలుపు తీసి ఉంచినప్పుడు ధూళి వడపోత లేకుండా నేరుగా కార్డు మీద పేరుకుంటుంది. లిక్విడ్ కూలరైనా వేడిని చివరికి ఆ గదిలోని గాలికే అప్పగించాలి, రేడియేటరును ఆ గాజు పలక వెనుకనే బిగిస్తే దానికీ ఆ గాలి కరువే ఎదురవుతుంది. కాబట్టి కొనుగోలు సంగతి తరువాత.

ఇక్కడ అందరూ మనసులో పెట్టుకోవలసిన విషయం ఒకటుంది. ప్రాసెసర్ వేడి ఎంత ఉందని కాక, గది వేడి కంటే ఎంత ఎక్కువ ఉందని చూడాలి. ఒకే పని, ఒకే ఫ్యాను వేగం ఉన్నప్పుడు ఆ తేడా దాదాపు స్థిరంగా ఉంటుంది. గది 25 డిగ్రీలుండే చోట 75 చూపించిన యంత్రం, రోహిణీ కార్తెలో రోళ్లు పగిలే మన ఊరి మేడ గదిలో 38 డిగ్రీల మధ్య 88 చూపిస్తుంది. కూలరు అదే, ప్రాసెసర్‌కూ కూలరుకూ మధ్య పూసే పేస్టు అదే, తప్పు ఎక్కడా లేదు. చల్లని దేశాలవారు వీడియోల్లో చూపించే అంకెలతో మన అంకెలను నేరుగా పోల్చుకుని కంగారు పడేవారిని చాలామందిని చూశాను, ఆ వ్యథ అనవసరం.

అయితే 90 దగ్గర ఆగిపోయినప్పుడు ఈ లెక్క మనకు కనబడకుండా పోతుంది. 5600కు తయారీదారు నిర్ణయించిన గరిష్ఠ ఉష్ణోగ్రత 90 డిగ్రీలు. అక్కడికి చేరగానే ప్రాసెసర్ తన వేగాన్ని, తద్వారా తాను తీసుకునే విద్యుత్తును తగ్గించుకుని ఆ గీత దాటకుండా చూసుకుంటుంది. కాబట్టి మధ్యాహ్నం పూట మీరు ఎన్ని మార్పులు చేసినా 90 అనే అంకె మారకపోవచ్చు, మార్పు వేగంలోనే కనబడుతుంది. పరీక్షను రాత్రి చేయమని సర్వీస్ గారు చెప్పింది అందుకే అయి ఉంటుంది.

ఇక వేగం కనబడని ఫ్యాన్ల సంగతి. మూడు పిన్నుల ఫ్యానులో ఒకటి భూమి తీగ, ఒకటి 12 వోల్టులు, మూడవది వేగాన్ని తెలిపే సంకేతం. నాలుగు పిన్నుల దానిలో అదనంగా పీడబ్ల్యూఎమ్ ఆజ్ఞ తీగ, అంటే స్పందనల వెడల్పును మార్చి వేగాన్ని ఆదేశించే తీగ ఉంటుంది, దాని మీద సుమారు 25 కిలోహెర్ట్జుల స్పందనలు నడుస్తాయి. ఫ్యాను ఒక చుట్టు తిరిగితే సంకేతపు తీగ మీద రెండు స్పందనలు వెలువడతాయి. 1200 ఆర్‌పీఎమ్ (నిమిషానికి చుట్లు) అంటే సెకనుకు 20 చుట్లు, 40 స్పందనలు. ఒకే హెడర్‌కు (బోర్డు మీద ఫ్యాను తీగను గుచ్చే చోటుకు) మూడు ఫ్యాన్ల స్పందనలు కలిపి పంపితే అంకె అస్తవ్యస్తమవుతుంది కనుక, ఒక హెడర్‌ను పలు ఫ్యాన్లకు పంచే స్ప్లిట్టర్ తీగలో ఒక్క కొమ్మకే ఆ తీగను కలుపుతారు. మీకు ఒక ఫ్యానే కనబడటం స్ప్లిట్టర్ సహజ లక్షణం అయి ఉండవచ్చు. మిగతా రెండూ తిరుగుతున్నాయో లేదో కంటితో చూసి నిర్ధారించుకోండి, ఎందుకంటే వాటిలో ఒకటి ఆగిపోయినా బోర్డు మీకు చెప్పలేదు.

అరండల్‌పేట సర్వీస్:

మాస్టారు చెప్పినదానికి ఒక మాట కలుపుతాను. మదర్‌బోర్డు మీది ఒక్కొక్క హెడర్ సాధారణంగా 1 ఆంపియరు దాకా, అంటే 12 వాట్ల దాకా ఇస్తుంది. మీ ఫ్యాన్ల స్టిక్కరు మీద ఎంత ఆంపియరు అని ఉందో చూసి మూడింటినీ కూడండి. తిరగడం మొదలయ్యే క్షణంలో ఇంకొంచెం ఎక్కువ లాగుతాయి కనుక కొంత ఖాళీ ఉంచుకోవాలి. కూడినది 1 దగ్గరికి వస్తుంటే ఎస్‌ఎమ్‌పీఎస్ (కంప్యూటరుకు కరెంటు అందించే పెట్టె) నుంచి సాటా అనే తీగతో కరెంటు తీసుకునే ఫ్యాన్ల హబ్ వాడటం క్షేమం. రంగు దీపాలున్న ఫ్యాన్లయితే దీపాల తీగ వేరుగా ఉంటుంది. 5 వోల్టుల మూడు పిన్నుల దీపాల తీగను బలవంతంగా 12 వోల్టుల నాలుగు పిన్నుల చోట గుచ్చితే దీపాలు కాలిపోతాయి, దయచేసి తొందరపడకండి.

బ్రాడీపేట విద్యార్థిని:

నమస్కారం. హాస్టల్ గదిలో శబ్దం వల్ల తోటివారికి ఇబ్బంది కలుగుతుంటే ఈ ఫ్యాన్ల అమరికను కొంత లోతుగా చదివాను. ఎడిటర్ గారి రెండవ సమస్య, అంటే ఖాళీగా ఉన్నప్పుడు ఫ్యాన్లు లేచి పడటం, రైజెన్ ప్రాసెసర్లతో చాలామందికి ఎదురయ్యేదే. ఒక చిన్న పని రాగానే ఒక కోర్ క్షణంలో గరిష్ఠ వేగానికి ఎగబాకుతుంది, దానితో సెన్సర్ అంకె ఒక్కసారిగా పది డిగ్రీల దాకా లేచి వెంటనే దిగుతుంది. కూలరులోని హీట్‌సింకు లోహం మాత్రం ఆ క్షణంలో వేడెక్కనే ఎక్కదు. ఫ్యాను ఆ అంకెను గుడ్డిగా అనుసరిస్తే హోరు వినిపిస్తుంది కానీ చల్లబరచడానికి అక్కడ ఏమీ ఉండదు.

దీనికి బయోస్‌లోనే ఉపాయం ఉంది. అసుస్ బోర్డుల్లో క్యూ-ఫ్యాన్, గిగాబైట్‌లో స్మార్ట్ ఫ్యాన్, ఎమ్‌ఎస్‌ఐలో హార్డ్‌వేర్ మానిటర్, ఏఎస్‌రాక్‌లో ఫ్యాన్-టాస్టిక్ ట్యూనింగ్ అనే చోట చూడండి. వేగం పెరగడానికి, తగ్గడానికి పట్టే సమయాన్ని నిర్ణయించే అమరిక చాలా బోర్డుల్లో ఉంటుంది. పెరగడానికి కొన్ని సెకన్లు, తగ్గడానికి అంతకంటే ఎక్కువ ఇస్తే క్షణికమైన లేవడాలు ఫ్యాను దాకా రావు. ఇంతకంటే ముఖ్యమైనది ఒక్కొక్క ఫ్యాను ఏ సెన్సర్‌ను అనుసరిస్తోంది అన్నది. కేబినెట్ ఫ్యాన్లకు ప్రాసెసర్ సెన్సర్ కంటే మదర్‌బోర్డు సెన్సర్ మేలు, అది నిదానంగా కదులుతుంది. మీ పనిలో 170 వాట్ల గ్రాఫిక్స్ కార్డు కూడా లోపలే వేడి వదులుతుంది కాబట్టి ఇంకా మంచి దారి విండోస్‌లో నడిచే ఫ్యాన్‌కంట్రోల్ అనే ఉచిత ప్రోగ్రాము. దానిలో ప్రాసెసర్, కార్డు రెండింటిలో ఏది ఎక్కువ వేగం కోరితే దానిని కేబినెట్ ఫ్యాన్లు పాటించేలా కలపవచ్చు. బోర్డు తయారీదారు ప్రోగ్రామును, దీన్ని ఒకేసారి నడపకూడదు. రెండూ ఒకే చిప్‌కు వ్యతిరేక ఆజ్ఞలిస్తాయి.

ఫ్యాన్ల హెడర్ డీసీ పద్ధతిలో (వోల్టేజిని మార్చి వేగం మార్చేది) ఉందా, పీడబ్ల్యూఎమ్ పద్ధతిలో ఉందా అన్నది కూడా చూడండి. మూడు పిన్నుల ఫ్యానును పీడబ్ల్యూఎమ్ పద్ధతిలో ఉంచిన హెడర్‌కు తగిలిస్తే అది ఎల్లప్పుడూ పూర్తి వేగంతోనే తిరుగుతుంది, ఎందుకంటే ఆజ్ఞను వినే తీగే దానికి లేదు.

భవానీపురం ఎడిటర్:

అందరికీ కృతజ్ఞతలు. చూసినవి రాస్తున్నాను.

ముందు మూడు ఫ్యాన్లు మూడు పిన్నులవే, ఒక్కొక్కటి 0.2 ఆంపియరు, మూడూ తిరుగుతున్నాయి. స్ప్లిట్టర్ మూడు కొమ్మల్లో ఒకదానికే వేగపు తీగ ఉంది, మాస్టారు చెప్పినట్టే. అగరుబత్తితో చూస్తే ముందువి లోపలికి పీలుస్తున్నాయి, వెనుకది బయటికి తోస్తోంది, పైన రెండూ బయటికే తోస్తున్నాయి.

రాత్రి గది 31 డిగ్రీలున్నప్పుడు గాజు పలక ఉంచి రెండర్ చేస్తే ప్రాసెసర్ 89, పలక తీసేస్తే 80. కార్డు వేడి కూడా 76 నుంచి 70కి దిగింది. మధ్యాహ్నం గది 38 దాకా వస్తోంది. పలక అంత తేడా చేస్తుందని నేను ఊహించలేదు. పలకకు, చట్రానికి మధ్య పక్కల ఉన్న సందు వేలు కూడా పట్టనంత సన్నగా ఉంది.

పటమట విశ్రాంత అధ్యాపకుడు:

ఈ అంకెలతో మీ మధ్యాహ్నపు ఇబ్బంది పూర్తిగా వివరించవచ్చు. పలక ఉన్నప్పుడు గది కంటే 58 డిగ్రీలు ఎక్కువ. అదే పని 38 డిగ్రీల గదిలో చేస్తే 96కు చేరాలి, కానీ 90 దాటనివ్వదు కనుక ప్రాసెసర్‌కు మిగిలింది 52 డిగ్రీల అవకాశమే. 65 వాట్ల తరగతికి చెందిన ఈ ప్రాసెసర్ పూర్తి భారం మీద 76 వాట్ల దాకా తీసుకుంటుంది. వేడి తేడా విద్యుత్తుకు అనుపాతంలో ఉంటుందని స్థూలంగా తీసుకుంటే 76ను 52తో గుణించి 58తో భాగించండి, సుమారు 68 వాట్లు వస్తుంది. విద్యుత్తు పదో వంతు తగ్గితే వేగం అంతకంటే తక్కువ శాతమే తగ్గుతుంది. గంటకు ఐదారు నిమిషాల ఆలస్యం దీనికి సరిపోతుంది. పలక తీస్తే తేడా 49 మాత్రమే, మధ్యాహ్నం 87 దగ్గర నిలుస్తుంది, వేగం కోత పడదు. పేస్టు మార్చకుండా, కొత్త కూలరు కొనకుండా పోయిన వేగం తిరిగి వచ్చే మార్గం ఇది.

ఇంకొక సూత్రం కూడా చెప్పాలి. ఫ్యాను వేగానికి గాలి పరిమాణం అనుపాతంలో ఉంటుంది, అది తీసుకునే విద్యుత్తు వేగపు ఘనానికి అనుపాతంలో ఉంటుంది, శబ్దం మాత్రం వేగం సగమైతే సుమారు 15 డెసిబెల్స్ తగ్గుతుంది. అదే తరహా ఫ్యాను మరొకటి చేర్చడం వల్ల పెరిగే శబ్దం 3 డెసిబెల్స్ మాత్రమే. కాబట్టి గాలి దారి తెరిచి, ఎక్కువ ఫ్యాన్లను తక్కువ వేగంతో తిప్పుకోవడం అన్ని విధాలా లాభం.

అరండల్‌పేట సర్వీస్:

పలకను తీసేసి అలాగే వదలకండి, ముందు ఫ్యాన్లకు ధూళి వడపోత ఉండాలి. విజయవాడలోనే ఉన్నారు కనుక ఆటోనగర్‌లో రేకుల పని చేసేవారి దగ్గర గుండ్రని రంధ్రాలున్న సన్నని రేకును పలక కొలతకు కత్తిరించుకోవచ్చు. రంధ్రాల వైశాల్యం రేకులో సగానికి తగ్గకుండా చూడండి. దాని వెనుక పలుచని ఫిల్టరు గుడ్డ వేసి, వారం పది రోజులకొకసారి కడిగి పూర్తిగా ఆరబెట్టి తిరిగి పెట్టండి. దోమతెర జాలీ వాడేవారు ఉన్నారు. నేత బాగా దగ్గరగా ఉన్నది తీసుకుంటే ధూళి పట్టగానే గాజు పలకలాగే అడ్డుపడుతుంది.

పైకప్పు ఫ్యాన్లలో ముందు వైపుకు ఉన్నదాన్ని తీసి చూడండి. ముందు ఫ్యాను లాగిన చల్లని గాలిని ప్రాసెసర్ కూలరు దాకా చేరనివ్వకుండా అది దారిలోనే పైకి లాగేసి బయట పారబోస్తుంది. వెనుక వైపుకు ఉన్న పై ఫ్యాను అలా కాదు, కూలరు వదిలిన వేడి గాలిని తీసుకుపోతుంది. తీసిన ఖాళీ మీద ఒక అట్ట ముక్క పరిచి అతికించండి. అప్పుడు లోపలికి మూడు, బయటికి రెండు అవుతాయి. లోపల ఒత్తిడి కొంచెం ఎక్కువై సందుల గుండా ధూళి లోపలికి రావడం తగ్గుతుంది.

తెల్లవారేసరికి అమరిక పోవడం గురించి అడగవలసినది ఒకటుంది. రాత్రి పని ముగించాక గోడ దగ్గర స్విచ్ కట్టేస్తున్నారా? కంప్యూటరు గడియారం కూడా తప్పు చూపుతోందా?

భవానీపురం ఎడిటర్:

అవును, గోడ స్విచ్ కట్టేసిన మరుసటి ఉదయమే ఇలా జరుగుతోంది. గడియారం వెనకబడటం కూడా గమనించాను, ఇంటర్నెట్ రాగానే సరిపోయేది కాబట్టి పట్టించుకోలేదు.

అరండల్‌పేట సర్వీస్:

అయితే ఫ్యాన్లతో సంబంధం లేదు, బోర్డు మీది నాణెం లాంటి సీఆర్2032 బ్యాటరీ అయిపోయింది. గోడ స్విచ్ వేసి ఉన్నంతసేపు ఎస్‌ఎమ్‌పీఎస్ నుంచి వచ్చే స్టాండ్‌బై కరెంటు గడియారాన్ని నిలబెడుతుంది. స్విచ్ కట్టేస్తే భారమంతా ఆ బ్యాటరీ మీదే పడుతుంది. అది నీరసించినప్పుడు చాలా బోర్డులు అమరికలన్నీ వదిలేసి తయారీనాటి స్థితికి వచ్చేస్తాయి. మల్టీమీటరుతో చూస్తే కొత్తదానికి 3 వోల్టులు దాటి ఉంటుంది. తీగ ఊడదీసి, పవర్ బటన్ ఒకసారి నొక్కి, బ్యాటరీ మార్చి, అమరికలు చేశాక వాటిని బయోస్‌లోనే ఒక ప్రొఫైల్‌గా భద్రపరచుకోండి.

లక్ష్మీపురం లైనక్స్:

విండోస్ కాక లైనక్స్ వాడేవారు ఈ చర్చ చదివితే వారి కోసం కొంచెం రాస్తాను. ఎల్ఎమ్-సెన్సర్స్ ప్యాకేజీ వేసుకుని ముందు సెన్సర్స్-డిటెక్ట్ నడపాలి, తరువాత పీడబ్ల్యూఎమ్‌కాన్ఫిగ్. అది ఒక్కొక్క ఫ్యానును కాసేపు ఆపి ఏ హెడర్‌కు ఏ ఫ్యాను ఉందో, ఎంత విలువ దగ్గర ఆగిపోతుందో, ఎంత దగ్గర మళ్లీ తిరగడం మొదలుపెడుతుందో కనిపెడుతుంది. విలువలు 0 నుంచి 255 దాకా ఉంటాయి. మిన్‌స్టార్ట్, మిన్‌స్టాప్ అనే రెండు విలువలు వేరుగా ఉండటానికి బలమైన కారణం ఉంది: ఆగిన ఫ్యాను కదలడానికి కావలసిన బలం, తిరుగుతున్న ఫ్యాను ఆగకుండా ఉండటానికి కావలసిన బలం కంటే ఎక్కువ. విండోస్‌లో కానీ బయోస్‌లో కానీ కనిష్ఠ శాతాన్ని మరీ దించేవారికి ఫ్యాను ఆగుతూ, తడబడుతూ మళ్లీ లేస్తూ వినిపించేది ఈ తేడా వల్లనే. ఇంకొక జాగ్రత్త, మళ్లీ ఆన్ చేసినప్పుడు సెన్సర్ చిప్‌కు లైనక్స్ ఇచ్చే హెచ్‌డబ్ల్యుమాన్ వరుస సంఖ్య మారిపోతే లైనక్స్‌లోని ఫ్యాన్‌కంట్రోల్ సేవ (పైన చెప్పిన విండోస్ ప్రోగ్రాము కాదు) నడవడానికి నిరాకరిస్తుంది; అప్పుడు ఆకృతీకరణ ఫైలును మళ్లీ తయారుచేసుకోవాలి.

బ్రాడీపేట విద్యార్థిని:

ఆ కనిష్ఠ వేగం విషయంలోనే ప్రాసెసర్ ఫ్యానుకు సంబంధించి ఒకటి గుర్తుంచుకోవాలి. బోర్డు నిర్ణయించుకున్న హద్దు కంటే సీపీయూ ఫ్యాను నెమ్మదిగా తిరిగితే, అంతా బాగానే ఉన్నా ఆన్ చేయగానే ఫ్యాను లోపం అని తెర మీద ఆపేస్తుంది. బయోస్‌లో ఆ హద్దును దించుకోవచ్చు. హెచ్చరికను పూర్తిగా తీసేయవద్దని మనవి, ఎందుకంటే ఆ ఫ్యాను నిజంగా ఆగిపోయిన రోజున ముందుగా చెప్పేది అదే.

వేగాల గీత, అంటే ఏ వేడి దగ్గర ఫ్యాను ఎంత శాతం వేగంతో తిరగాలో చెప్పే గీత, ఎలా గీయాలని ఎడిటర్ గారు అడిగితే నా ప్రతిపాదన ఇది. చాలా గీతలు 40 డిగ్రీల దగ్గర ఎక్కడం మొదలవుతాయి. మన గది 38 ఉన్నప్పుడు ప్రాసెసర్ ఖాళీగానే 50 దాటుతుంది, అంటే ఆ గీత మనకు మొదటి నుంచే ఎత్తులో ఉంటుంది. అందుకని ప్రాసెసర్ ఫ్యానును 60 దాకా 40 శాతం దగ్గర సమంగా ఉంచి, 75కు 65 శాతం, 85కు నూరు శాతం చేయండి. కేబినెట్ ఫ్యాన్లు కార్డు వేడిని బట్టి 50 డిగ్రీల దాకా 40 శాతం, 70కి 70 శాతం ఉంటే చాలు. ఏదో ఒక వేగం దగ్గర కేబినెట్ రేకు ఝుమ్మని కంపిస్తే ఆ వేగం మీద గీత నిలబడకుండా చకచకా దాటిపోయేలా రెండు బిందువులను దగ్గరగా పెట్టండి.

భవానీపురం ఎడిటర్:

రేకు బిగించాను, పై ఫ్యాను ఒకటి తీశాను, బ్యాటరీ మార్చాను, గీతను విద్యార్థిని గారు చెప్పినట్టే పెట్టి వేగం పెరగడానికి, తగ్గడానికి సమయం ఇచ్చాను. రాత్రి 31 డిగ్రీల గదిలో 78 వచ్చింది. మధ్యాహ్నం 38 దగ్గర 85కు చేరి అక్కడే నిలిచింది, రెండర్ సమయం రాత్రికీ పగటికీ ఒకటే అయింది. ఖాళీగా ఉన్నప్పుడు హోరు పూర్తిగా పోయింది. గోడ స్విచ్ కట్టేసినా అమరికలు నిలిచే ఉన్నాయి. గేమర్ గారు కూడా రేకు కొలతలు అడిగారు, పంపుతాను.

మరొక సందేహం. గదిలో నీటి కూలరు పెట్టుకుంటే కేబినెట్ దానికి ఎదురుగా ఉండవచ్చా?

పటమట విశ్రాంత అధ్యాపకుడు:

గది చల్లబడితే ఆ మేరకు ప్రాసెసరూ చల్లబడుతుంది, ఆ మేలు నిజమే. అయితే కృష్ణా తీరంలో గాలిలో తేమ ముందే ఎక్కువ. కిటికీ మూసి కూలరు వేస్తే చల్లదనం తక్కువ, తేమ ఎక్కువ అవుతుంది. కూలరు ధారను నేరుగా కేబినెట్ మీదికి తిప్పకండి, సన్నని తుంపరతో పాటు నీటిలోని లవణాలు కూడా ఎగిరి వస్తాయి. కిటికీ తెరిచి, ధారను మనిషి వైపు ఉంచి, కంప్యూటరును పక్కకు జరపండి. మీ కంప్యూటరు పూర్తి పనిలో గదిలోకి సుమారు 250 వాట్లకు పైగా వేడి వదులుతుందని కూడా లెక్కలో పెట్టుకోండి; దానిని గోడ మూలకు నెట్టి ఉంచితే వదిలిన వేడినే మళ్లీ పీల్చుకుంటుంది.

మిర్చియార్డు గుమస్తా:

ఈ చర్చ చదివి అడుగుతున్నాను. గుంటూరు మిర్చి యార్డు దగ్గర కమీషన్ కొట్టులో లెక్కలు రాస్తాను. టిక్కీలు (మిర్చి బస్తాలు) దించే రోజుల్లో ఎర్రటి ధూళి కంప్యూటరులోకి చేరి రెక్కలకు జిగురులా పట్టేస్తోంది. ఊదితే కళ్లు మండుతాయి, దగ్గు వస్తుంది. ఇప్పుడు వెనుక నుంచి గరగరమనే శబ్దం కూడా మొదలైంది. కేబినెట్ వెనుక ఫ్యాను చేత్తో ఆపినా ఆ శబ్దం ఆగలేదు.

అరండల్‌పేట సర్వీస్:

గుమస్తా గారూ, మిరప ధూళిలో నూనె ఉంటుంది కనుక ఊదితే పూర్తిగా పోదు. కంప్యూటరును ఆరుబయటికి తీసుకెళ్లి, ముక్కుకు గుడ్డ, కళ్లకు అద్దాలు పెట్టుకుని, ముందు మెత్తని బ్రష్‌తో రాల్చి ఆ తరువాతే బ్లోయర్ వాడండి. బ్లోయర్ పెట్టినప్పుడు రెక్కలను వేలితో పట్టి ఉంచాలి. గాలి తోపుకు అవి హద్దు మీరిన వేగంతో తిరిగితే బేరింగు పాడవుతుంది, మోటారు జనరేటరులా మారి తిరిగి బోర్డులోకి కరెంటు పంపే ప్రమాదం కూడా ఉంది. రెక్కలకు అంటిన జిడ్డును ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డతో తుడిచి ఆరనివ్వండి. కంప్యూటరును నేల మీద కాక బల్ల మీద పెడితే చేరే ధూళి బాగా తగ్గుతుంది.

వెనుక ఫ్యాను ఆపినా శబ్దం ఆగలేదంటే అది ఎస్‌ఎమ్‌పీఎస్ లోపలి ఫ్యాను అయి ఉంటుంది. ఆ ఫ్యాను వేగాన్ని ఎస్‌ఎమ్‌పీఎస్ తనంతట తానే నడుపుకుంటుంది, కాబట్టి బయోస్‌లో ఎంత వెదికినా కనబడదు. దాని పెట్టెను మీరు విప్పకండి. తీగ ఊడదీసిన తరువాత కూడా లోపలి కెపాసిటర్లలో ప్రమాదకరమైన వోల్టేజి నిలిచి ఉంటుంది. వారంటీ ఉంటే దాని కిందే మార్పించుకోండి. లేకుంటే మాలాంటి పని చేసేవారి దగ్గరికి తెచ్చి ఫ్యాను మార్పించండి, అయితే ఆ యూనిట్ ఐదారేళ్లు దాటినదైతే ఫ్యాను బదులు ఎస్‌ఎమ్‌పీఎస్‌నే మార్చడం మంచిది. కొత్తది బిగించేటప్పుడు కేబినెట్ అడుగున జాలీ ఉంటే ఫ్యాను కిందికి ఉండేలా పెట్టించండి, ఆ జాలీ కింది ఫిల్టరును పది రోజులకొకసారి లాగి దులపండి.